లవంగం వాసన ఎవరిది?

మన ఊళ్లలో అమ్మే దేశీ విస్కీ సీసాల్లో దేన్ని తిప్పి చూసినా లేబుల్ మీద ఇంచుమించు ఒకే అంకె ఉంటుంది: 42.8 శాతం. కొన్నిటి మీద '25 డిగ్రీల యు.పి.' అని కూడా చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. ఇది బ్రిటిష్ వాళ్లు సుంకం వసూలుకు వాడిన పాత కొలత. ఆ లెక్కలో 57.1 శాతం ఆల్కహాల్ ఉన్న సరుకు 'ప్రూఫ్'. అందులో నూటికి 75 వంతులు తీసుకుంటే 42.8 వస్తుంది. బ్రిటన్ 1980లోనే ఆ కొలత వదిలేసింది. మన సీసాల మీద మాత్రం ఆ అంకె అలాగే నిలిచిపోయింది.

ఇప్పుడు ఇంకో సీసా చూద్దాం. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో, డెట్రాయిట్ నదికి ఈవలి ఒడ్డున విండ్సర్ అనే నగరం ఉంది. అక్కడ 1858లో మొదలైన హైరమ్ వాకర్ డిస్టిలరీ ఇప్పటికీ పనిచేస్తోంది. 'లాట్ నెం. 40' అనే రై విస్కీ అక్కడిదే. మామూలు సీసాలో అది 43 శాతం. 2017లో అదే విస్కీని పన్నెండేళ్లు పీపాల్లో ఉంచి, నీళ్లు కలపకుండా సీసాల్లో నింపారు. దాని మీద 55 శాతం అని ఉంది. మరుసటి ఏడు వచ్చిన పదకొండేళ్ల సరుకు 58.4 శాతం. ఇక పడమటి వైపు కాల్గరీలోని ఆల్బర్టా డిస్టిలర్స్ తీసిన 'ఆల్బర్టా ప్రీమియం క్యాస్క్ స్ట్రెంగ్త్' అయితే 65 శాతం దాటింది. విస్కీ విమర్శకుడు జిమ్ ముర్రే 2021 సంవత్సరపు 'విస్కీ బైబిల్'లో ఆ ఏటి ప్రపంచ మేటి విస్కీగా దాన్నే ఎంచాడు.

ఈ అంకెలు ఏటికోరకంగా ఉండటానికి కారణం పీపాయే. ఓక్ చెక్క గుండా నీళ్లూ ఆల్కహాలూ రెండూ మెల్లగా ఆవిరైపోతుంటాయి. గోదాములో గాలి పొడిగా ఉంటే నీళ్లు ఎక్కువగా పోతాయి, లోపలి బలం పెరుగుతుంది. తేమగా ఉంటే ఆల్కహాల్ ఎక్కువగా పోతుంది, బలం తగ్గుతుంది. స్కాట్లాండులో ఏడాదికి రమారమి 2 శాతం సరుకు ఇలా గాలిలో కలిసిపోతే, బెంగళూరు ఎండల్లో అమృత్ డిస్టిలరీ పీపాల నుంచి 10 శాతానికి పైనే పోతుంది. చివరికి పీపాలో ఏ బలం మిగిలితే ఆ బలంతోనే సీసాలో నింపినదాన్ని క్యాస్క్ స్ట్రెంగ్త్ అంటారు.

ఇది ఘాటు తట్టుకోగల మొనగాళ్ల కోసం తీసిన సరుకని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. మామూలు విస్కీలో నీళ్లు ఎంత కలపాలో కంపెనీ ముందే తేల్చేస్తుంది. క్యాస్క్ స్ట్రెంగ్త్ సీసాలో ఆ నిర్ణయం మన చేతికి వస్తుంది. చెంచాతో నీళ్లు కలుపుతూ, ఏ వాసన ఎక్కడ లేస్తుందో, ఎక్కడ అణుగుతుందో వరసగా చూడవచ్చు. విజ్ఞానశాస్త్రం మీద ఇష్టం ఉన్నవాడికి ఈ సీసా ఇచ్చేది అదే, ఒక ప్రయోగం చేసుకునే వీలు. ఈ అధ్యాయంలో మనం పరీక్షించబోయేది ఒకే ఒక్క ప్రశ్న: రై విస్కీలో లవంగం వాసన వస్తుందని అందరూ అంటారు కదా, ఆ లవంగం గింజ ఇచ్చిందా, చెక్క ఇచ్చిందా?

రై గోధుమకూ బార్లీకీ దగ్గరి చుట్టం. తెలుగు నేలల్లో పండదు. శరత్కాలంలో విత్తితే మంచు కింద చలికాలమంతా బతికి, వసంతంలో లేచి నిలబడే పంట. ఇసుక నేలల్లో, పేద నేలల్లో కూడా వేళ్లు లోతుగా దించుకుంటుంది. కెనడా మైదానాలకు సరిపోయిందంటే అందుకే. కాకపోతే కెనడా చట్టంలో ఒక విచిత్రం ఉంది. 'కెనడియన్ విస్కీ', 'కెనడియన్ రై విస్కీ', 'రై విస్కీ' మూడూ చట్టం దృష్టిలో ఒకటే. ధాన్యంతో చేసి, 700 లీటర్లకు మించని చెక్క పీపాల్లో కనీసం మూడేళ్లు ఉంచి, 40 శాతానికి తగ్గకుండా నింపితే చాలు. రై ఇంత ఉండి తీరాలన్న నియమం లేదు. అమెరికాలో అయితే రై విస్కీ అనాలంటే ధాన్యంలో కనీసం 51 శాతం రై ఉండాలి, పీపా కొత్తదై ఉండాలి, లోపలి గోడ కాల్చి ఉండాలి. కెనడా చట్టం అన్నిటా వెనకబడిందనుకోకండి. విస్కీని పీపాలో మాగబెట్టి తీరాలని మొదట చట్టం చేసిన దేశం అదే. 1890 నాటికే అక్కడ రెండేళ్ల నియమం ఉంది, బ్రిటన్‌లో అలాంటి చట్టం 1915లో గానీ రాలేదు. అయినా కొనేవాళ్లు గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, కెనడా సీసా మీద 'రై' అన్న మాట ఒక్కటే చూసి గింజ గురించి ఏమీ తేల్చలేం. నూటికి నూరు పాళ్లు రై అని విడిగా చెప్పిన సరుకు కావాలి. లాట్ నెం. 40 అలాంటిది.

రైతో పని చేయడం డిస్టిలరీ వాళ్లకు పెద్ద తలనొప్పి. ఈ గింజ కణాల గోడల్లో అరాబినోజైలాన్లు, బీటా గ్లూకాన్లు అనే చక్కెర గొలుసులు చాలా ఎక్కువ. అవి నీళ్లు పీల్చుకుని ఉబ్బుతాయి. పిండి ఉడికించిన తొట్టెలో జావ బంకలా సాగుతుంది, పులిసేటప్పుడు నురగ పొంగి తొట్టె అంచు దాటుతుంది. కానీ మనకు కావలసిన సరుకు కూడా ఆ గోడల్లోనే ఉంది. ఆ గొలుసులకు అక్కడక్కడా ఫెరులిక్ ఆమ్లం అతుక్కుని ఉంటుంది. ఉడికించినప్పుడు అది విడుదలవుతుంది. ఈస్ట్ దాని నుంచి ఒక కార్బన్ డయాక్సైడ్ అణువును తీసేస్తే 4-వైనైల్ గ్వయాకాల్ మిగులుతుంది. దాని వాసన లవంగం! వేడికి కూడా ఈ మార్పు జరుగుతుంది. బట్టీలో ఆవిరితో పాటు అది పైకి లేచి, చల్లబడి, సరుకులో చేరుతుంది. లాట్ నెం. 40ని ముందు నిలువు గొట్టం బట్టీలోనూ, తర్వాత రాగి కుండ బట్టీలోనూ కాస్తారు. రాగి గంధకపు కంపును పట్టేసుకుంటుంది, గింజ వాసనను వదిలిపెడుతుంది. కాబట్టి పీపా మొహం చూడకముందే రై సరుకులో లవంగం ఉంది.

ఇక పీపా. ఓక్ చెక్కకు గట్టిదనం ఇచ్చేది లిగ్నిన్. లోపలి గోడ కాల్చినప్పుడు లిగ్నిన్ విరిగి ముక్కలవుతుంది. ఆ ముక్కల్లో వెనిలా వాసన ఇచ్చే వెనిలిన్ ఒకటి, పొగవాసన ఇచ్చే గ్వయాకాల్ ఇంకొకటి. ఓక్ నుంచి యూజినాల్ కూడా దిగుతుంది. మన వంటింటి లవంగంలోని నూనెలో ప్రధానమైన పదార్థం ఆ యూజినాలే. అంటే లవంగం వాసనకు ఇప్పుడు ఇద్దరు హక్కుదారులు ఉన్నారు.

వీటి నిర్మాణం గీసి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. గ్వయాకాల్ అంటే ఒక బెంజీన్ వలయం, దాని మీద పక్కపక్కనే ఒక హైడ్రాక్సిల్, ఒక మెథాక్సీ. వెనిలిన్, యూజినాల్, 4-వైనైల్ గ్వయాకాల్ అన్నిటికీ ఇదే మొండెం. నాలుగో మూలన తగిలించిన తోక మారితే వెనిలా లవంగమవుతుంది. మిరపకాయలోని క్యాప్సైసిన్‌కు కూడా ఒక కొసన ఉన్నది ఈ మొండెమే. గుంటూరు మిర్చికీ ఒంటారియో విస్కీకీ చుట్టరికం రసాయనంలోనే ఉంది.

ఆ చుట్టరికం నోట్లో ఇంకా బలపడుతుంది. క్యాప్సైసిన్ నాలుక మీద ఏ తలుపు తడుతుందో 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. నరాల కొసల్లో ఉండే ఆ ప్రోటీన్ పేరు టి.ఆర్.పి.వి.1. ఉష్ణోగ్రతనూ స్పర్శనూ పసిగట్టే ప్రోటీన్ల మీద పరిశోధనకు 2021లో ఆయనకు, ఆర్డెమ్ పటపూటియన్‌కు వైద్యంలో నోబెల్ వచ్చింది. నిజానికి ఆ ప్రోటీన్ ఒక ఉష్ణమాపకం. నోట్లో వేడి దాదాపు 42 డిగ్రీలు దాటితే తెరుచుకుని 'కాలుతోంది' అని మెదడుకు కబురు పంపుతుంది. ఆల్కహాల్ తగిలితే ఆ హద్దు 34 డిగ్రీల దగ్గరికి దిగిపోతుందని 2002లో ట్రెవిసాని, ఆయన సహచరులు చూపించారు. మన ఒంటి వేడి 37! అంటే నోరు తన సొంత వేడికే కాలుతున్నట్టు భావిస్తుంది. 55 శాతం విస్కీ మొదటి గుటకకు నోరంతా మండటం ఇదే. ఆ మంట విస్కీ గురించి దాని బలం తప్ప మరేమీ చెప్పదు. మన దగ్గర చవగ్గా దొరికే విస్కీల్లో చాలా భాగం చెరకు మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్. వాటి ఘాటులో గింజ పాలు నామమాత్రం. అలాంటి సరుకుకు అలవాటుపడిన నోరు ఘాటునే రుచి అనుకుంటే తప్పు పట్టలేం. రై విషయంలో మాత్రం రెండూ వేరు చేసి చూడటం నేర్చుకోవాలి, లేకపోతే మనకు తెలిసేది మంట ఒక్కటే. మొదటి గుటక నోటిని సిద్ధం చేయడానికి. అంచనా వేయాల్సింది రెండో గుటకను. అప్పటికి నరాలు కాస్త సద్దుమణుగుతాయి.

పరీక్షకు పరికరాలు ఎక్కువ అక్కర్లేదు. అడుగున వెడల్పుగా, పైన ఇరుకుగా ఉండే గ్లాసులు కావాలి, ఆవిరి చెదిరిపోకుండా. స్కాట్లాండు వాళ్ల గ్లెన్‌కెయిర్న్ గ్లాసు ఇందుకే పుట్టింది. ఒక 5 మిల్లీలీటర్ల చెంచా, వాసన లేని నీళ్లు. పన్నెండేళ్ల లాట్ నెం. 40 పక్కన పెట్టడానికి ఇంకొక సీసా కూడా కావాలి, అది ముఖ్యం: కెంటకీ నుంచి వచ్చే 'మేకర్స్ మార్క్ క్యాస్క్ స్ట్రెంగ్త్'. అది బర్బన్. మొక్కజొన్న, గోధుమ, మాల్టు బార్లీతో చేస్తారు, రై గింజ ఒక్కటి కూడా పడదు. మాగేది కాల్చిన కొత్త ఓక్ పీపాల్లోనే, లాట్ నెం. 40 లాగే. బలం కూడా 54 నుంచి 57 శాతం మధ్య ఉంటుంది. చెక్క ఒకటే, బలం ఒకటే, గింజ వేరు. వయసులో తేడా ఉన్న మాట నిజమే. అయినా దుకాణంలో కొనగలిగే సీసాలతో ఇంతకన్నా మంచి పోలిక దొరకడం కష్టం. రెండిట్లోనూ ఉన్న లవంగాన్ని చెక్క ఖాతాలో వేయవచ్చు. రైలో మాత్రమే ఉన్న లవంగం గింజది.

ఒక్కో గ్లాసులో 20 మిల్లీలీటర్లు పోసి కొన్ని నిమిషాలు వదిలేయండి. గ్లాసు తిప్పితే గోడల మీద చారలు కారతాయి. దాన్ని చూసి నాణ్యత చెప్పేవాళ్లను నమ్మకండి. గోడ మీద పలచని పొరలోంచి ఆల్కహాల్ ముందుగా ఆవిరైపోయి తలతన్యత మారడం వల్ల అవి పుడతాయని 1855లోనే జేమ్స్ థామ్సన్ వివరించాడు. రంగును కూడా పట్టించుకోవద్దు, కెనడాలో కారమెల్ కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది. గ్లాసును గడ్డం దగ్గర పట్టుకుని, నోరు కొంచెం తెరిచి, నెమ్మదిగా ముక్కు దగ్గరికి తేవాలి. ముక్కు గ్లాసులోకి దూర్చి గట్టిగా పీలిస్తే ఆల్కహాల్ దెబ్బకు ముక్కు మొద్దుబారుతుంది, ఆ తర్వాత వచ్చేదేదీ నమ్మదగింది కాదు.

నీళ్లు కలపకముందు నా ముక్కుకు రెండూ చెక్కే. బర్బన్‌లో వెనిలా, కొబ్బరి ముందుకొస్తాయి. ఆ కొబ్బరి ఓక్‌లోని లాక్టోన్ల పని. రైలో కాల్చిన చెక్క వెనక శొంఠి లాంటిది ఏదో ఉందని తెలుస్తుంది గానీ పేరు పెట్టడానికి చిక్కదు. లవంగం రెండిట్లోనూ ఉంది, రెండిట్లోనూ పలచగానే.

ఇప్పుడు ఒక్కో గ్లాసులో ఒక చెంచా నీళ్లు. 20 మిల్లీలీటర్ల 55 శాతం సరుకులో 11 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది. అది 25 మిల్లీలీటర్లలోకి విస్తరిస్తే 44 శాతం. అంకెలో చూస్తే తగ్గుదలే. గ్లాసులో మాత్రం రై విప్పుకుంటుంది. లవంగం ముందుకు దూకుతుంది, దాని వెనక కాల్చిన రొట్టె పెచ్చు, పూల వాసన, మిరియం. బర్బన్ కూడా తీపిగా మెత్తబడుతుంది కానీ దాని లవంగం పెద్దగా కదలదు. రెండు గ్లాసులూ మార్చి మార్చి వాసన చూస్తే తేడా స్పష్టంగా దొరుకుతుంది. చెక్క ఇచ్చిన లవంగం వెనిలా తీపిలో కలిసిపోయి గుండ్రంగా ఉంటుంది. గింజ ఇచ్చింది పొడిగా, ఘాటుగా, రొట్టె వాసనను అంటిపెట్టుకుని ఉంటుంది. నా తీర్పు ఇది: ఈ సీసాలో లవంగం ఎక్కువ పాలు గింజదే. చెక్క దానికి తోడు పలికింది.

నీళ్లు పోస్తే వాసన పెరగడం ఎందుకు? 2017లో స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయంలో బ్యోర్న్ కార్ల్‌సన్, రాన్ ఫ్రీడ్‌మన్ దీన్ని కంప్యూటర్‌లో అణువుల స్థాయిలో నడిపి చూశారు. నీళ్లు, ఆల్కహాల్, ఒక్క వాసన అణువు, అంతే. వాళ్లు ఎంచుకున్న ఆ అణువు మన గ్వయాకాలే. ఆల్కహాల్ 45 శాతం వరకు ఉన్నప్పుడు గ్వయాకాల్ ద్రవం పైపొరలో, గాలి తగిలే చోట ఉంటుంది. 59 శాతం, ఆపైన అయితే ఆల్కహాల్ అణువులు దాన్ని చుట్టుముట్టి లోపలికి లాగేసుకుంటాయి. గ్వయాకాల్ మొండెం ఉన్న వెనిలిన్, యూజినాల్ కూడా అలాగే నడుస్తాయని ఊహించడం అసమంజసం కాదు. అది ఊహ అని మాత్రం మరవకూడదు, లెక్క వేసింది గ్వయాకాల్ ఒక్కదానికే. ఒక్కోసారి నీళ్లు పడగానే విస్కీ కొంచెం మసకబారుతుంది. చల్లార్చి వడగట్టని సరుకులో పొడుగు కొవ్వు ఆమ్లాల ఎస్టర్లు ఉంటాయి, ఆల్కహాల్ తగ్గితే అవి కరిగి ఉండలేవు. అది లోపం కాదు.

మరి నీళ్లు ఎంత వరకు? వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2023లో 25 విస్కీలకు దశలవారీగా నీళ్లు కలిపి పరీక్షించారు, వాటిలో కొన్నిటిని శిక్షణ పొందిన మనుషులకు వాసన చూపించారు. నీళ్లు ఐదో వంతు దాటాక ఒక తెగకు చెందిన విస్కీల మధ్య తేడా చెప్పడం కష్టమైపోయింది. మన ప్రయోగంలో 20కి 5 అంటే సరిగ్గా ఐదో వంతే. రెండో చెంచా పోస్తే బలం 37 శాతం దగ్గరికి దిగుతుంది. పోసి చూడండి, రై చప్పబడి, చేదు టానిన్ బయటపడుతుంది. అయితే స్కాట్లాండులో పీపాలు ఎంచే నిపుణులు 20 శాతం దగ్గరికి పలచబరిచి వాసన చూస్తారు. ఇది పైదానికి విరుద్ధం కాదు. వాళ్లు వెతికేది లోపాలను. ఆల్కహాల్ ముసుగు తొలగితే కంపు దాక్కోలేదు. మనం వెతుకుతున్నది తేడాలను.

మింగాక వచ్చే రుచిలో సగానికి పైగా వాసనే, గొంతు వెనక దారిలో ముక్కులోకి ఎక్కేది. అందుకని గుటక తర్వాత నోరు మూసి ముక్కుతో గాలి వదలాలి. మంచి రై ఇక్కడే తేలుతుంది. లాట్ నెం. 40లో లవంగం తగ్గాక శొంఠి, ఆ తర్వాత రొట్టె, చివర చెక్క చేదు. ఆ చేదు నాకు కొంచెం ఎక్కువే అనిపిస్తుంది. పన్నెండేళ్లు కొత్త పీపాలో అంటే గింజకు పెద్ద పరీక్ష. ఈ గింజ దాన్ని నెగ్గింది కానీ, అంచు మీద నెగ్గింది.

ఇంత చెప్పాక నా ముక్కును మీరు ఎంత నమ్మాలి? వాసనలు కలిసి ఉన్నప్పుడు మనిషి మూడు నాలుగింటిని మించి విడదీసి గుర్తుపట్టలేడని 1989లో లైంగ్, ఫ్రాన్సిస్ చేసిన ప్రయోగాలు చూపాయి. శిక్షణ ఉన్నా పెద్ద తేడా లేదు. ఒక్క గ్లాసులో పన్నెండు వాసనలు పట్టానని రాసేవాళ్లు జ్ఞాపకాలు రాస్తున్నట్టు లెక్క. ధర చేసే మాయ ఇంకొకటి. 2008లో హిల్కే ప్లాస్‌మన్ బృందం ఒకే వైన్‌ను ఒకసారి 10 డాలర్లదని, ఇంకోసారి 90 డాలర్లదని చెప్పి ఇచ్చారు. ఖరీదైనదని విన్నప్పుడు తాగినవాళ్లకు అది ఎక్కువ నచ్చింది, మెదడు స్కానులో కూడా ఆ ఇష్టం కనిపించింది. వాళ్లు అబద్ధమాడలేదు, నిజంగానే ఎక్కువ ఆనందించారు. అందుచేత 100కి ఇన్ని మార్కులు అని చెప్పే అంకెల మీద నాకు గౌరవం తక్కువ. దానికంటే నమ్మదగింది మూడు గ్లాసుల పరీక్ష. రెండిట్లో ఒకే విస్కీ, మూడోదాంట్లో వేరేది, పోసింది ఇంకొకరు, సీసాలు కంటికి కనపడకూడదు. వేరేది ఏదో చెప్పాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది కాబట్టి పలుసార్లు చేయాలి. బర్బన్ నుంచి రైని ఇలా వేరు చేయగలిగితేనే 'గింజ లవంగం' అని నేను పైన రాసినదాన్ని మీరు ఒప్పుకోండి. చేయలేకపోతే ఒప్పుకోవద్దు.

ఆరోగ్యం సంగతి కూడా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దృష్టిలో ఆల్కహాల్ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో ఉంది, ఎంత తక్కువైనా హాని లేని మోతాదు లేదని 2023లో ఆ సంస్థ చెప్పింది. 55 శాతం సరుకు 20 మిల్లీలీటర్లలో దాదాపు 9 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. మూడు గ్లాసుల పరీక్ష ఒక్కసారి మింగుతూ చేస్తే అది 26 గ్రాములు, అంటే కెనడా లెక్కలో ఇంచుమించు రెండు పూర్తి డ్రింకులు. వృత్తిగా రుచి చూసేవాళ్లు నోట్లో తిప్పి, ముక్కుతో గాలి వదిలి, ఉమ్మేస్తారు. తాగని వాళ్లు ఈ పరీక్ష కోసం తాగడం మొదలుపెట్టనక్కర్లేదు, పై సంగతుల్లో చాలా భాగం వాసన చూస్తేనే తెలుస్తాయి. తాగేవాళ్లు పక్కన ఒక ఖాళీ గిన్నె పెట్టుకోండి.